జంటపోగుల కట్టు విప్పు



ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న నావంటివాడు జీవకణములను గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోచవచ్చును. నేను గురుముఖమున చదివినవి వ్యాకరణము, తర్కసంగ్రహము, పంచకావ్యములు. సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి చూచినది షష్టిపూర్తి జరిగిన పిమ్మటనే. కావున ఈ విషయమున నాకు అధికారము కలదని చెప్పుకొనను. అవసరము మాత్రము కలిగినది. ఆ యవసరమెట్టిదో ముందుగా మనవి చేసెదను.

మూడేండ్ల క్రిందట మా కోడలికి, పెండ్లియైన 14 ఏండ్లకు, తన 38వ యేట, ఆడుబిడ్డ కలిగినది. రెండు వారములు గడచిన పిదప వైద్యురాలు మమ్ము కూర్చుండబెట్టి, మనుష్యుని ప్రతి కణమునందును 46 క్రోమోజోములుండవలసియుండగా ఈ శిశువునకు 47 ఉన్నవనియు, 21వ రకము రెండుండవలసినచోట మూడున్నవనియు, దీనిని డౌన్ లక్షణమందురనియు నెమ్మదిగా తెలిపినది. ఇంటికి వచ్చితిమో లేదో బంధువుల నోళ్లు లేచినవి. గ్రహణమునాడు కడుపుతోనుండి వాకిటికి వచ్చినదని ఒకరు. మ్రొక్కు చెల్లింపలేదని మరియొకరు. నేనేమి చేసితినో చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. పంచాంగము తీసి, ఆ నక్షత్రమున పుట్టినవారికి శాంతి యేమైన విధింపబడినదా యని పుటలు త్రిప్పుచుంటిని. తలయెత్తి చూచునప్పటికి కోడలు గుమ్మములో నిలిచి నా చేతిలోని పుస్తకమును చూచుచున్నది.

నాలుగు దినముల తరువాత ఆమెయే అడిగినది. "మామయ్యగారూ, నేనేం చేశానని ఇట్లా అయింది?"

సభలలో ఎవరేమడిగినను ఏదో యొక శ్లోకముతో సమాధానము చెప్పగలవాడను. ఆనాడు నాకొక్కటియు స్ఫురింపలేదు. "తెలుసుకుని చెప్తానమ్మా" అంటిని. అట్లు మొదలైనది ఈ చదువు. మా పాఠశాలలో జీవశాస్త్రము చెప్పిన మిత్రుడొకడు పుస్తకములిచ్చి, నాకు తెలియని మాటలకు అర్థము చెప్పి, ఒక సాయంకాలము ఉల్లివేరు కొనను రంగులో ముంచి గాజుపలకపై నలిపి చూపించినాడు. ఆ చిన్న గుండ్రని వెలుగులో నాకు కనబడినది ఊదారంగు పోగుల పోట్లాట. కొన్ని కణములలో అవి ఉండచుట్టుకొని యున్నవి; కొన్నింటిలో నడుమ వరుసదీరినవి; ఒక దానిలో రెండు జట్లుగా విడి ఎదురుదిక్కులకు పోవుచు, పోవుచున్నట్లే నిలిచిపోయినవి.

ఈ దృశ్యమును మొట్టమొదట ఓపికతో పరిశీలించి క్రమము తెలిపినవారిలో ముఖ్యుడు వాల్టర్ ఫ్లెమింగ్ అను జర్మనీ పండితుడు. ఆయన కీల్ నగరమున ఆచార్యుడు. సాలమాండరు అను, తోకగల కప్పవంటి జంతువు పిల్లల చర్మమునందును మొప్పలయందును కణములు మిక్కిలి పెద్దవి. అందుచేత ఆయన వానిని ఎన్నుకొనెను. కణములు సహజముగా నీటివలె పారదర్శకములు. రంగు వేసినగాని లోపలిది తెలియదు. 1856లో ఇంగ్లండున పెర్కిన్ అను కుఱ్ఱవాడు తారునుండి కృత్రిమవర్ణము తీసినది మొదలు అట్టి వర్ణములు అంగళ్లలో విరివిగా దొరకుచుండెను. బట్టలకు పుట్టిన రంగులే కణములకు అక్కరకు వచ్చినవి. (జర్మనీలోని అట్టి రంగుల కర్మాగారములే 1897లో కృత్రిమపు నీలిని అమ్మకమునకు తెచ్చి మన నీలిమందు సాగును మట్టుపెట్టినవి. ఒక చేతితో ఇచ్చి ఒక చేతితో పుచ్చుకొనుట అనగా ఇదియే కాబోలు.) ఫ్లెమింగ్ 1882లో ప్రకటించిన గ్రంథమున పోగులు దట్టమగుట, వరుసదీరుట, ప్రతి పోగును నిలువున రెండుగా చీలుట, ఆ చీలికలలో ఒకటి ఒక కొడుకు కణమునకు, రెండవది రెండవదానికి పోవుట, అన్నియు తన చేతితో చిత్రించి చూపెను. పోగు అను అర్థముగల గ్రీకుపదమునుండి ఈ క్రియకు మైటోసిస్ అని పేరుపెట్టెను. మన పాఠ్యపుస్తకములలో దీనిని సమవిభజన మందురు. పోగులను ఇరువైపులకు లాగు సన్నని దారముల కూర్పునకు మనవారు కండె యని పేరిడిరి. సాలెయింటి మాట శాస్త్రమునకు ఇంత చక్కగా అమరుట నాకానందము కలిగించినది.

1888లో వాల్దయర్ అను మరియొక జర్మనుడు ఆ పోగులకు క్రోమోజోములు, అనగా వర్ణదేహములు, అని నామకరణము చేసెను. ఇది నాకంతగా నచ్చిన పేరు కాదు. రంగు మనము వేసినది. దానికి స్వతః లేదు. పొరుగువారింటి పెండ్లిలో మనమిచ్చిన పట్టుచీరను బట్టి పెండ్లికూతునకు పేరుపెట్టినట్లున్నది. అయినను పేరు నిలిచిపోయినది; ఇక మార్చువారు లేరు.

ఆ పోగులు లెక్క తప్పిన ఏమగునో చూపినవాడు థియోడార్ బొవేరి. సముద్రపు ముండ్లకాయ యనదగు సీఅర్చిన్ గ్రుడ్డునందు ఒక్కొక్కప్పుడు రెండు శుక్రకణములు ప్రవేశించును. అప్పుడు లాగెడు ధ్రువములు రెండు గాక నాలుగేర్పడి, పోగులు అడ్డదిడ్డముగా నాలుగు భాగములకు పంచుకొనబడును. బొవేరి ఆ నాలుగు భాగములను విడదీసి పెంచి చూచెను. ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున పెరిగి, ఒక్కొక్క లోపముతో చెడినది. పోగులన్నియు ఒకే మోస్తరు సరుకైనచో ఇట్లు జరుగదు. కావున ప్రతి పోగునకు ప్రత్యేకమైన గుణము కలదని 1902లో ఆయన తేల్చెను. ఆ కాలముననే అమెరికాలో సట్టన్ అను విద్యార్థి కాన్సాసు పొలములలోని పెద్ద మిడతలను పరిశీలించి, మెండెల్ చెప్పిన వంశగుణములు ఈ పోగులమీదనే యున్నవని వ్రాసెను. బొవేరి 1914లో ఇంకొక అడుగు వేసి, పోగులు తప్పుగా పంచుకొనబడుటయే రాచపుండునకు మూలము కావచ్చునని ఒక చిన్న పుస్తకము వ్రాసి, మరుసటి యేడు మరణించెను. ఆ పుస్తకమును 1929లో ఇంగ్లీషులోనికి తెచ్చినది ఆయన భార్య మార్సెల్లా, ఆమెయు శాస్త్రజ్ఞురాలే.

మనుష్యుని పోగులెన్ని యను లెక్క మాత్రము చాలకాలము తప్పుగానే యుండినది. 48 అని యందరును చెప్పుచుండిరి. చూచినవారును 48 అనియే చూచుచుండిరి. గురువు చెప్పిన సంఖ్య శిష్యుని కంటికి ఎట్లు కనబడునో పంతులనైన నాకు తెలియనిది కాదు. 1956లో స్వీడనునందు తియో, లెవాన్ అనువారు 46 అని స్థిరపరచిరి. మూడేండ్లకు, 1959లో, పారిస్ నగరమున లెజూన్, గోతియే, త్యుర్పాన్ అను ముగ్గురి పేర్లతో వెలువడిన పత్రము డౌన్ లక్షణముగల పిల్లలలో 47 పోగులున్నవని తెలిపినది. కణములను పెంచుటకు ప్రయోగశాలను సిద్ధపరచినది మార్త్ గోతియే అను వైద్యురాలు. కీర్తి మాత్రము చాలకాలము లెజూన్ గారికే చెందినది.

ఇంతవరకు మా కోడలి ప్రశ్నకు సగము జవాబు. ఒక పోగు ఎక్కువ వచ్చినదని తెలిసినది; ఎందువలన వచ్చినదో తెలియలేదు. అది తెలియవలెనన్నచో మొదట వేరొక సంగతి తెలియవలెను. పోగు రెండగుట విభజనమునకు కొన్ని గంటల ముందే జరిగిపోవును. ఆ రెండును వెంటనే విడిపోవు. అక్కచెల్లెండ్రవలె ఒకదాని నొకటి అంటిపెట్టుకొని, కండె దారములు వచ్చి తగులుకొని, అన్నియు నడిమికి వరుసదీరువరకు వేచియుండి, ఒక్క క్షణమున అన్ని జంటలును ఒక్కసారిగా విడును. వానిని అంతవరకు పట్టియుంచునది ఏది? విడుచు క్షణమును నిర్ణయించునది ఏది? రెండు పొడుగుపోగులు ఒకదానితో నొకటి మెలివేసికొని యుండుటచేతనే కలిసియుండునని కొందరు తలచిరి. కాని 1987లో కోష్లాండ్, హార్ట్‌వెల్ అనువారు ఈస్టు కణములలో చిన్న కృత్రిమపు పోగులను పరీక్షించి, మెలిక లేకున్నను అవి కలిసియే యుండునని చూపిరి. మెలిక కానిచో వేరొక కట్టు ఉండవలెను.

ఆ కట్టు కథకు పూర్వము నిక్లస్ గారి గాజుసూదిని గూర్చి చెప్పక ముందునకు పోలేను. ఈ చరిత్రమునందెల్ల నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమది. బ్రూస్ నిక్లస్ అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. వెండ్రుకకంటె ఎంతయో సన్నని గాజుసూదిని చేసి, బ్రదికియున్న మిడత కణములో దానితో ఒక్క క్రోమోజోమును ఇటునటు జరుపగల నేర్పు సంపాదించెను. జంటలో రెండును పొరపాటున ఒకే దిక్కునకు తగులుకొన్నచో ఆ తగులు నిలువదు, ఊడిపోవును. మరల సరిగా తగులుకొనువరకు ఇట్లే జరుగును. ఇరువైపులకు తగులుకొని, ఈవలనుండి ఆవలనుండి లాగుడుపోటు కలిగినప్పుడే తగులు స్థిరమగును. 1969లో ఆయన కోఖ్ అను సహచరితో కలిసి, తప్పుగా తగులుకొన్న జంటను గాజుసూదితో తానే ఎదురుదిక్కునకు లాగి పట్టెను. ఊడవలసిన తగులు ఊడక నిలిచినది! కణమునకు తప్పొప్పులు తెలియవు; బిగువు తెలియును. సరియైన కట్టు బిగువుగా నుండును. తప్పు కట్టు వదులుగా నుండును. అంతియే దాని తర్కశాస్త్రము.

పిదప 1995లో ఆయనయు లీ అను శిష్యుడును గొల్లభామ యని మన పిల్లలు పిలుచు పురుగునకు జ్ఞాతియైన ఒక కీటకమును, ముందుకాళ్లు జోడించి ప్రార్థించునట్లు నిలుచు మాంటిస్ పురుగును, తీసికొనిరి. దాని శుక్రమాతృకణములలో ఒక క్రోమోజోము జంట దొరకక ఒంటరిగా నున్నచో ఆ కణము విభజింపక, గంటలకొలది ఆగి, తుదకు నశించును. ఆ ఒంటరి క్రోమోజోమును సూదితో లాగిరి. జంట లేదు, కాని బిగువు కలిగినది. కణము మోసపోయి విభజనము సాగించినది. అదే యేడు రైడర్ అనునాయన సహచరులతో, వరుసకు రాక మిగిలిపోయిన ఆఖరి పోగుయొక్క తగులుచోటును లేసరు కిరణముతో కాల్చి చూచెను. అడ్డు తొలగినంతనే కణము ముందునకు సాగినది.

మన యిండ్లలో పంక్తిభోజనమును చూచియున్నారు గదా. ఆఖరి విస్తరికి వడ్డన పూర్తియగువరకు ఎవ్వరును ఔపోశన పట్టరు. నూరు విస్తళ్లు నిండియుండవచ్చును. మూలనున్న ఒక్క విస్తరిలో అన్నము పడకున్న నూరుగురును ఆగవలసినదే. కణములోని నియమము అచ్చముగా ఇదియే. 46 జంటలలో 45 సిద్ధముగా నున్నను, ఒక్కదానికి కండె దారము తగులకున్న, "ఇంకను ఆగుడు" అను కబురు దానినుండి కణమంతయు ప్రాకును. ఆ కబురు మోయు ప్రోటీనులను 1991లో ఈస్టునందు రెండు బృందములవారు వేరువేరుగా కనుగొనిరి. కండెను చెరచు విషము పోసినను ఆగక ముందునకు పోయి చచ్చు ఈస్టులను ఏరి, వానిలో చెడిన జన్యువులకు మ్యాడ్ అనియు బబ్ అనియు పేరులు పెట్టిరి. మ్యాడ్ అనగా ఇంగ్లీషున పిచ్చి. ఈ శాస్త్రజ్ఞులకు నిఘంటువునందు గౌరవము తక్కువ, చమత్కారమునందు ప్రీతి యెక్కువ.

ఇక కట్టు. 1997 అక్టోబరున ఒకే పత్రికయొక్క ఒకే సంచికలో రెండు వ్యాసములు వెలువడినవి. ఒకటి వియన్నానుండి కిమ్ నాస్మిత్ బృందమువారిది. రెండవది అమెరికాలోని బాల్టిమోరునుండి కోష్లాండ్ బృందమువారిది. నాస్మిత్ వారి ఉపాయము మనోహరమైనది. జెల్లీ చేపలో చీకటిలో పచ్చగా మెరయు ప్రోటీనొకటి కలదు. దానిని ఈస్టు క్రోమోజోముమీద ఒకానొక చోట అంటించిరి. జంటపోగులు కలిసియున్నంతకాలము పచ్చచుక్క ఒక్కటిగా కనబడును, విడిన రెండగును. పిమ్మట, సమయము రాకమునుపే రెండుచుక్కలు చూపు వికృతకణములను వెదకిరి. అట్టివానిలో ఏ ప్రోటీను చెడినదో అదియే కట్టు. అట్లు బయటపడిన వానిలో ముఖ్యమైనదానికి వియన్నావారు ఎస్‌సిసి-1 అనిరి. బాల్టిమోరువారు ఎమ్‌సిడి-1 అనిరి. రెండును ఒక్కటే. అదే పదార్థము 1992లోనే రాడ్-21 అను వేరొక పేర, వికిరణమువలన తెగిన పోగులను బాగుచేయు వస్తువుగా, వేరొకచోట వర్ణింపబడియుండెను. ఒక్క దేవునకు మూడు క్షేత్రములలో మూడు నామములున్నట్లు.

ఇది ఒంటరిగా పనిచేయదు. దీనితో మరి మూడు ప్రోటీనులు కలిసి ఒక సమూహమేర్పడును. దానికి కోహీసిన్ అని పేరు. రెండు పొడుగు ప్రోటీనులు నడిమికి మడచినట్లుండి, ఒక కొన ఒకదానితో నొకటి కలిసికొని యుండును. రెండవ కొనలను ఎస్‌సిసి-1 కలిపి మూయును. అనగా శీల బిగించిన కడియము. ఆ కడియములోనుండి జంటపోగులు రెండును దూరియుండునని నాస్మిత్ బృందము 2002లోను పిమ్మటను సూచించెను. కడియము అడ్డుకొలత మిల్లిమీటరులో ఇరువదివేలవ వంతునకు అటునిటు. మా మనుమరాలి చేతి వెండికడియము శీలను నేను విప్పుచుండగా ఈ సంగతి ప్రతిమారును జ్ఞప్తికి వచ్చును.

పోగులను దట్టముగా చుట్టు పని వేరొక సమూహమునది. ఒక్క మానవకణములోని డీఎన్ఏ పోగులన్నియు కొసకు కొస చేర్చినచో రెండు మీటర్ల పొడుగు. అది యుండు కేంద్రకము మిల్లిమీటరులో నూరవ వంతునకు మించదు. విభజనమునకు ముందు దానిని పొట్టి కడ్డీలుగా చేయనిచో చిక్కుపడి తెగును. తాత్సుయా హిరానో అను జపాను శాస్త్రజ్ఞుడు ఆఫ్రికా కప్ప గ్రుడ్ల రసమును గాజునాళికలో నుంచి, అందులోనుండి ఒక ప్రోటీను సమూహమును తొలగించినచో కడ్డీలేర్పడవని చూపి, 1997లో దానికి కండెన్సిన్ అని పేరిడెను. అది పోగును పట్టి ఉచ్చులు ఉచ్చులుగా లాగునని చిరకాలము ఊహగానే యుండినది. 2018లో హాలండు, జర్మనీ దేశములవారు కలిసి ఒక్క డీఎన్ఏ పోగును రెండుకొనల గాజుకంటించి, కండెన్సిన్ దానినుండి ఉచ్చును లాగుచుండగా సూక్ష్మదర్శినిలో కన్నులారా చూచిరి. దీనిని గూర్చి ఇంకను చెప్పవచ్చును గాని మన ప్రశ్న వేరు గనుక విడుచుచున్నాను.

శీలను తీయువాడెవడు? ఈ కథ సముద్రతీరమున మొదలైనది. 1982 వేసవిలో అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్రశాలలో టిమ్ హంట్ సీఅర్చిన్ గ్రుడ్లలో క్రొత్తగా తయారగు ప్రోటీనులను గమనించుచుండెను. అన్నియు క్రమముగా పెరుగుచుండగా ఒకటి మాత్రము పెరిగి పెరిగి, కణము విభజించువేళకు చటుక్కున మాయమగుచుండెను; మరల పెరుగుచుండెను. దానికి సైక్లిన్ అని పేరు. 2001లో ఆయనకు, హార్ట్‌వెల్, నర్స్ అనువారికిని నోబెల్ బహుమానము వచ్చినది. ప్రోటీనులు తయారగుట మాత్రమే కాదు, నియతకాలమున నశించుటయు కణమునకు ఆజ్ఞయని అప్పటినుండి తెలిసినది. 1995లో మూడు ప్రయోగశాలలవారు ఆ నాశనమును నడపు పెద్ద సమూహమును పట్టుకొనిరి. ఎ.పి.సి. అని దానికి మూడక్షరముల పేరు. నశింపవలసినదానిపై అది యుబిక్విటిన్ అను చిన్న ప్రోటీనును ముద్రగా వేయును. ముద్రపడినదానిని కణములోని వేరొక యంత్రము ముక్కలు చేయును.

ఇప్పుడు వరుస చూడుడు. శీలను తెగగొట్టు కత్తి సెపరేజ్ అను ప్రోటీను. అది ఎల్లప్పుడును కణములోనున్నను సెక్యూరిన్ అను ఒర దానిని కప్పియుండును. ఆఖరి జంట కండెకు తగులుకొన్నంతనే మ్యాడ్, బబ్ వారి నిషేధము తొలగును, ఎ.పి.సి. మేల్కొనును, ఒరపై ముద్ర వేయును, ఒర నశించును, కత్తి బయటపడి ఎస్‌సిసి-1 శీలను నరకును, కడియములు విచ్చుకొనును, జంటలు విడును. కత్తి నరకుటను 1999లో ఊల్మన్, నాస్మిత్ ప్రభృతులు చూపిరి. అయినను, నరకుట యొక్కటియే చాలునా, ఇంకేమైన జరుగవలెనా యని ఆక్షేపింపవచ్చును. నేనైన ఆక్షేపించియుందును. 2000లో వారే దానికి పరిహారము చెప్పిరి. పొగాకు మొక్కకు తెగులు తెచ్చు ఒక వైరసునకు తనదైన కత్తి కలదు. అది తనకు గుర్తైనచోటనే నరకును. ఈస్టు శీలలో ఆ గుర్తును చేర్చి, నిషేధము సడలక ఆగియున్న కణములో వైరసు కత్తిని పుట్టించిరి. అన్యాయపు కత్తియైనను శీల తెగినంతనే పోగులు విడి ఇరువైపులకు నడచినవి. తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములు చదివినవానికి ఇంతకంటె తృప్తినిచ్చు నిరూపణమరుదు.

ఇదంతయు దేహకణముల మాట. అండములు, శుక్రకణములు పుట్టు విభజనమున ఇంకొక చిక్కున్నది. అక్కడ వరుసగా రెండు విభజనములు జరుగును. మొదటిదానిలో తల్లివైపు పోగును తండ్రివైపు పోగును విడును. కాని ఒక్కొక్కదాని జంటపోగులు రెండును నడికట్టువద్ద కలిసియే యుండవలెను. రెండవదానిలో అవి విడవలెను. కత్తి ఒక్కటే. మొదటిసారి చేతుల పొడుగున నున్న కడియములను నరకి, నడికట్టువద్దివానిని ముట్టరాదు. అట్లెందుకు ముట్టదు? 2004లో జపానునందు వతనబే బృందమువారు నడికట్టువద్ద నిలిచి అక్కడి కడియములను కాపాడు ప్రోటీనును కనుగొని, తమ భాషలో షుగోషిన్ అని పేరిడిరి. రక్షకదేవత యని దానికర్థము. గ్రీకు, లాటిను పేరులతో విసిగియున్న నాకు ఈ మాట ప్రాణము లేచివచ్చినట్లైనది. మన ఊళ్ల పొలిమేరలోని క్షేత్రపాలకుడే గదా!

ఇక మా కోడలి ప్రశ్నకు వచ్చుచున్నాను.

పురుషుని శుక్రకణములు యౌవనమునుండి నిత్యము క్రొత్తవి పుట్టుచుండును. స్త్రీ అండముల విధమట్లు కాదు. ఆడుశిశువు తల్లికడుపులో నున్నప్పుడే ఆమె అండమాతృకణములన్నియు ఏర్పడి, మొదటి విభజనము ఆరంభించి, నడుమ నిలిచిపోవును. ఋతుకాలమున పక్వమగువరకు, పండ్రెండేండ్లు గాని నలువదియేండ్లు గాని, అట్లే నిలిచియుండును. అంతకాలమును ఆ పోగులను పట్టియుంచునవి ఈ కడియములే. శీల పాడైనచో క్రొత్త శీల వచ్చునా? 2010లో చుంచెలుకలమీద జరిగిన ప్రయోగములు, పుట్టుకకు పూర్వము వేయబడిన కడియములే తుదివరకు పనిచేయుననియు, తరువాత క్రొత్తవి చేరి ఆ పట్టును నిలిపిన జాడ లేదనియు, ముదిమితో అవి తగ్గిపోవుననియు చూపినవి. మనుష్య స్త్రీల అండములలోను వయసు మీరినకొలది జంటల పట్టు వదులగుట కనబడినది. పైగా అండములో పంక్తిభోజనపు నియమము దేహకణములలోవలె కఠినము కాదు; ఒక విస్తరి మిగిలినను ఒక్కొక్కప్పుడు భోజనము సాగిపోవును. అందుచేతనే డౌన్ లక్షణముగల శిశువు కలుగుట 25 ఏండ్ల తల్లులలో వేయిమందికి ఒకరికంటె తక్కువయై, 40 ఏండ్ల తల్లులలో సుమారు నూటికొకరగుచున్నది. గ్రహణమునకును మ్రొక్కునకును ఇందు ప్రవేశము లేదు. మా మనుమరాలి విషయమున ఏ కట్టు ఎప్పుడు సడలినదో చెప్పగలవారెవ్వరును లేరు. తరచుగా జరుగు త్రోవ ఇది.

ఒకనాటి మధ్యాహ్నము, పాప నిద్రించుచుండగా, కాగితముమీద కడియములు గీసి ఇదంతయు ఆమెకు చెప్పితిని. పంచాంగము సంగతియు ఎత్తి, నా తప్పు ఒప్పుకొంటిని. ఆమె చాలసేపు కాగితమును చూచినది.

"అంటే ఈ ముడి పడింది నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడా?"

"అవునమ్మా."

"అయితే మామయ్యగారూ, ఈ మాట మా అమ్మకు చెప్పకండి. తన మీద వేసుకుంటుంది."

నేను సమాధానము చెప్పితినని మురియుచుండగా, ఆమె ఆ సమాధానము ఇంకెవరిని గాయపరచునో ఆలోచించుచున్నది. ఏడాదికి పైగా ఆ మాట పాటించితిని. మొన్న ఈ ప్రసంగము ఖాయమైన పిమ్మట, వియ్యపురాలు రేడియోలో విని తెలిసికొనుట న్యాయము కాదని కోడలి అనుమతి తీసికొని, మేమిద్దరమును వారి ఊరికి పోయితిమి. ఆమె వంటయింటి అరుగుమీద కూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచు వినినది. అదే కాగితము, అవే కడియములు. కడుపుతోనున్న తల్లి తిన్నదానివలననో చేసినదానివలననో ఆ ముడి పడదనియు, వేయువారు లేకయే అది పడుననియు చెప్పితిని. ఆమె చేయి ఆగినది.

"అన్నయ్యగారూ, ముప్పై ఎనిమిదేళ్లు పట్టుకుని ఉందంటారా అది?"

ఉన్నదంటిని. ఆమె మరల చిక్కుడుకాయ చేతికి తీసికొని, పాపకు పాలు పట్టు వేళయైనదేమో చూడుమని కూతునకు చెప్పినది.